గుమస్తా చెవుల్లో బీరతీగ

నిన్న మధ్యాహ్నం మా బాబు సొరకాయ ముక్కను బుగ్గలో దాచుకుని, నేను చూడటం లేదనుకుని గోడవారకు నడిచి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు. ఏమీ ఎరగనట్టు పళ్ళెం ముందు మళ్ళీ కూర్చున్నాడు. వాడికి నాలుగేళ్ళు ఇంకా నిండలేదు గాని దొంగతనంలో పెద్దవాడే. నేను నవ్వాపుకుంటున్నాను. మా అత్తమ్మ ఆపుకోలేదు. పీట జరుపుకుని దగ్గరికొచ్చి, వాడి చెవి దగ్గర వంగి, "కూర తినకపోతే మిలిటరోడొచ్చి సంచిలేసుకొని పోతడు బిడ్డా" అంది. వాడి కింది పెదవి వణికింది. మిగిలిన ముక్కలన్నీ నమలకుండానే మింగేశాడు. అత్తమ్మ మానుకోట తాలూకా మొత్తం గెలిచినట్టు నా వైపు చూసింది.

"అత్తమ్మా, గా మాట చెప్పకు వానికి" అన్నాను.

"మరేం చెప్పాలె? కాళ్ళు వట్టుకోవాల్నా? మా భూపాలపల్లి దిక్కు అడవిల ఏది దొరికితే గది తిన్నం. ఎవలు బతిమాలిండ్లు మమ్ముల?"

"ఉమ్మేస్తే ఉమ్మేయనీ. భయపెట్టి మాత్రం తినిపియ్యకు."

"అబ్బో! నాలుగు కితాబులు చదివినవని నాకు పిల్లల పెంపకం చెప్తున్నవా?"

"కితాబులల్ల ఉన్నది కాదత్తమ్మా. మా చెల్లెతోని తెలిసింది."

అత్తమ్మ మూతి తిప్పుకుని సాయంత్రం చాయ్ దాకా నాతో మాట్లాడలేదు. అలిగితే అలగనీ. ఆవిడ ఏమన్నా పడతాను, చీర కొంగు సరిగ్గా లేదన్నా, చారులో ఉప్పు ఎక్కువైందన్నా పడతాను. ఈ ఒక్క విషయంలో మాత్రం తగ్గను. ఎందుకు తగ్గనో చెప్తాను, తీర్పు మీరే చెప్పండి.

మా పుట్టిల్లు స్టేషన్ ఘన్‌పూర్ నుంచి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న ఒక పల్లె. రైలు కూత వినపడేది గాని రైలు కనపడేది కాదు. ఊరి మధ్య దొర గడీ, దాని చుట్టూ ఎత్తు గోడ. గోడకు ఇవతల మేమందరం. మాకు ఊరి బయట ఒక బావి, దాని పక్కన కాస్త నేల ఉండేవి. ఆ నేలలో మా అమ్మ, నాయనమ్మ కూరగాయలు పెట్టేవాళ్ళు. బీరపందిరి, సొరపాదు, తీపిగుమ్మడి, వంకాయ, ఒక మడి తోటకూర, ఒక మడి మెంతికూర. బావి మా తాత తవ్వుకున్నదే. నీళ్ళు మోట కట్టి మా బాపు తోడినవే. కాని కాసిన కాయ మాది కాదు, గడీది. ఎప్పటినుంచి అట్లా ఉందో, ఎవరు అట్లా అన్నారో ఎవరికీ తెలియదు. వానాకాలంలో గట్ల మీద మొలిచే ఆకుకూర ఏరుకుంటే ఎవరూ ఏమీ అనేవారు కాదు. ఎండాకాలంలో ఊరంతా ఎండిపోయి బావి కింద మాత్రమే పచ్చదనం మిగిలినప్పుడు, ఆ పచ్చదనమంతా దొర వంటింటికి పోవలసిందే. మాకు జొన్నరవ్వ ఉడకబెట్టిన గట్క, పచ్చిపులుసు, దంచిన కారం. అప్పుడప్పుడు మజ్జిగ. నాకిప్పటికీ గట్క ఉడికే వాసన వస్తే ఆకలేస్తుంది, అది వేరే సంగతి.

గడీలో లెక్కలు చూసే గుమస్తా ఒకడుండేవాడు. సన్నటి మనిషి, చేతిలో ఎప్పుడూ ఒక సున్నం డబ్బా. పిందె వేలెడంత అయ్యేసరికి వచ్చేవాడు. వంగి, పందిరి కింద దూరి, ఒక్కో పిందెకు సున్నంతో బొట్టు పెట్టి పోయేవాడు. బొట్టు పడ్డ కాయ ఎదిగాక గడీకి చేరకపోతే జవాబు మేం చెప్పాలి. ఎంత శ్రద్ధగా పెట్టేవాడనుకున్నారు! పెళ్ళికూతురికి కూడా అంత శ్రద్ధగా పెట్టరు. మా నాయనమ్మ అతను పోయాక పాదుల దగ్గర నిలబడి, "పెండ్లయింది పో మీకు, అత్తగారింటికి పోతరిగ" అనేది కాయలతో.

పెద్దవాళ్ళకు భయముంది కాబట్టి ముట్టరు. పిల్లలకేం తెలుసు? లేత బీరకాయ చేతికందే ఎత్తులో వేలాడుతుంటే కొరకాలనే ఉంటుంది. అందుకని మా వాడలో తల్లులందరూ పిల్లలకు ఒక మాట నేర్పారు. మొదలుపెట్టింది మా అమ్మే అని తర్వాత తెలిసింది. తోటలో కాయ తింటే దాని గింజ కడుపులో మొలుస్తుందట. తీగై పాకి, గొంతులోంచి ఎక్కి, చెవుల్లోంచి బయటికి వస్తుందట. పాలు తాగే వయసు నుంచి విన్న మాట. మేం నమ్మామా అంటే నమ్మాం, ఎందుకంటే మా దగ్గర రుజువుంది. గడీ కూరలు రోజూ తినేది ఎవరు? గుమస్తా. గుమస్తా చెవులు ఎప్పుడైనా చూశారా మీరు? చూసుండరు లెండి. ఆ రెండు చెవుల్లోంచి నల్లగా, గుబురుగా, చివర్లు కాస్త మెలి తిరిగి వెంట్రుకలు బయటికి వచ్చి ఉండేవి. మేం పందిరి వెనక దాక్కుని వాటిని చూసేవాళ్ళం. పోయిన నెలకంటే ఈ నెల పెరిగిందా లేదా అని మాలో మేం వాదించుకునేవాళ్ళం. ఒకసారి నేను, వానాకాలం వస్తే పువ్వు పూస్తుందన్నాను. మా చెల్లె, అది నాకంటే మూడేళ్ళు చిన్న, పాపం అతని మీద జాలిపడి ఏడ్చింది.

అట్లాంటి రోజుల్లో మా ఊళ్ళోకి సంఘం వచ్చింది. మాకు పిల్లలకు దాని గురించి తెలిసింది తక్కువే. సాయంత్రాలు పెద్దవాళ్ళు గుంపుగా కూర్చోవడం, పాటలు, బాపు ఇంట్లో ఉండే రోజులు తగ్గిపోవడం. ఇంకొకటి, ఇంటికి వచ్చినవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడటం మానేశారు. వెట్టి చెయ్యం అన్నారు. ఎండలు ముదిరేసరికి దొర కుటుంబంతో పట్నం వెళ్ళిపోయాడు. గడీ పెద్ద తలుపు మూతపడింది. గుమస్తా లోపలే ఉన్నాడని అందరికీ తెలుసు, సున్నం డబ్బా మాత్రం బయటికి రాలేదు.

ఆ వారమే మా అమ్మ బీరకాయ కూర వండింది. మా పొయ్యి మీద, మా కుండలో. బీరకాయ మగ్గే వాసన అంత తియ్యగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. నాయనమ్మ పొయ్యి పక్కనే కూర్చుని మాటిమాటికి మూత తీసి చూసింది. అమ్మ మా ఇద్దరికీ గట్క మీద కూర వడ్డించి, చేతులు కొంగుకు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. మేమెట్లా తింటామో చూడాలని అమ్మ ముఖంలో ఎంత ఆశో! మా చెల్లె పళ్ళెం వైపు చూసింది, అమ్మ వైపు చూసింది. నోరు గట్టిగా మూసుకుంది. రెండు చేతులతో రెండు చెవులూ మూసుకుంది.

అమ్మకు ముందు అర్థం కాలేదు. "ఏందే, చెవి నొస్తుందా?" అంది.

"నాకు తీగ వద్దే అమ్మా" అని చెల్లె బావురుమంది.

నాయనమ్మ నవ్వింది. ఎంత నవ్విందంటే పొలమారి, కళ్ళ నీళ్ళు వచ్చి, వీపు మీద చరిచి నీళ్ళు తాగించాల్సి వచ్చింది. అమ్మ నవ్వలేదు. దెబ్బలకోర్చి, మనుషులకు దూరమై, ఊరు ఊరంతా నిలబడి తెచ్చుకున్న కూర అది. దాన్ని తినొద్దని పిల్లల కడుపులో భయం నాటింది తనే. మా ఇంట్లోనే కాదు, ఆ వారం వాడంతా అదే గోల. ఏ గుడిసె ముందు నుంచి పోయినా "తిను బిడ్డా, మొలవదే" అని బతిమాలడం, ఆ వెంటనే పిల్లల ఏడుపు. నేను ఎనిమిదేళ్ళదాన్ని, సగం నమ్మకం, సగం అనుమానం. ఆకలి వైపు తూగి, గింజలు ఏరి పక్కన పెట్టి తిన్నాను. చెల్లె ఒక్క మెతుకుకు కూర అంటనీయలేదు.

పోనీ కొన్నాళ్ళకు అదే తింటుందిలే అని ఊరుకునేవాళ్ళమేమో. కాని ఆ ఎండాకాలమే చెల్లెకు సాయంత్రాలు కనపడటం మానేసింది. పొద్దు వాలగానే గడపకు తట్టుకునేది. పళ్ళెం ఎక్కడుందో తడుముకునేది. దీపం పెట్టకముందే "దీపం ఎందుకు ఆర్పిండ్లు?" అని అడిగింది ఒకరోజు. రేచీకటి అంది నాయనమ్మ. బాపు ఒకనాడు ఇంటికి వచ్చినప్పుడు దాన్ని భుజం మీద ఎక్కించుకుని జనగాం దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి కాంపౌండర్ కంటి రెప్పలు పైకెత్తి చూసి మందు కొంత ఇచ్చాడట గాని, మందుకంటే గట్టిగా ఒక మాట చెప్పాడట. ఆకుకూర పెట్టండి, తీపిగుమ్మడి పెట్టండి, ఏ పూటా మానొద్దు, ఇట్లాగే వదిలేస్తే పగటి చూపు కూడా పోతుంది అని. బాపు ఆ మాట అమ్మకు చెప్పి, ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళిపోయాడు. గుమ్మడికాయలు పాదు మీద పండి పసుపెక్కి ఉన్నాయి. తోటకూర మోకాలెత్తున ఉంది. అడ్డం పెట్టేవాళ్ళు లేరు. తినవలసిన నోరు మాత్రం తెరుచుకోదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో జరిగినవి తల్చుకుంటే నవ్వు, ఏడుపు రెండూ వస్తాయి. అమ్మ తోటకూరను పేస్టులా నూరి గట్కలో కలిపింది. తోటలోది ఏదైనా మొలుస్తుందనుకున్న చెల్లె, వేలితో గట్కంతా గెలికి, పచ్చటి చార కనపడ్డ చోటల్లా తీసి గోడకు రాసింది. అమ్మ దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నమాట చెప్పింది. "అబద్ధం చెప్పిన బిడ్డా. తీగ మొలవది." చెల్లె తలెత్తి, "ఏది అబద్ధం? గప్పుడు చెప్పిందా, గిప్పుడు చెప్తున్నదా?" అని అడిగింది. ఐదేళ్ళ పిల్ల! అమ్మ దాన్ని ఒళ్ళోంచి దించి, గోడకు రాసిన పచ్చటి చారలు తుడవడానికి లేచింది.

అప్పుడు నాయనమ్మ రంగంలోకి దిగింది. "నేను తింట. నా చెవులు రోజూ చూస్కో. మొలిస్తే చెప్పు" అంది. చెల్లె ముందే కూర్చుని పెద్ద గిన్నెడు బీరకాయ కూర తినేది. తెల్లారగానే చెల్లె ఆవిడ తల పక్కకు వంచి, చెవి లాగి, ఒక కన్ను మూసి లోపలికి చూసేది. నాయనమ్మ కదలకుండా కూర్చునేది, బొట్టు పెట్టించుకుంటున్నంత మర్యాదగా. రెండు మూడు రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత ఒక పొద్దున కెవ్వున అరుపు. లేచి చూస్తే చెల్లె వాకిట్లో గెంతుతోంది. "మొలిచింది! నాయినమ్మకు మొలిచింది! తెల్లతీగ!" ముసలి చెవిలో ఎప్పటినుంచో ఉన్న ఒక్క తెల్ల వెంట్రుక. అంతే, నాయనమ్మ పరువు పోయింది. ఆవిడ ఆ వెంట్రుకను పీకి చూపించినా లాభం లేకపోయింది. "పీకినా మళ్ల వస్తది, వేరు లోపల ఉన్నది" అంది చెల్లె, రైతుబిడ్డ కదా.

అమ్మ పొద్దు వాలే వేళల్లో దాన్ని చేయి పట్టుకుని నడిపించేది. పైకి ఏమీ అనేది కాదు. ఒక్కసారి మాత్రం, నేను వింటున్నానని తెలియక నాయనమ్మతో, "పిల్ల కండ్లు నేనే తీసిన అత్తా" అంది. నాయనమ్మ, "నువ్వు తియ్యలే. సున్నం డబ్బోడు తీసిండు. వాని పాపం నీ కొంగున ఎందుకు కట్టుకుంటవ్?" అని గద్దించింది.

సున్నం డబ్బా అతను ఒక పొద్దున రానే వచ్చాడు. బాపుతో సహా సంఘం మనుషులంతా పక్క ఊరికి మీటింగుకు పోయారు. అది తెలుసుకునే వచ్చుంటాడు. వెంట ఒక జీతగాడు, వాడి భుజం మీద ఖాళీ గంప. బావి దగ్గర వాడలోని ఆడవాళ్ళంతా ఉన్నారు. నీళ్ళు తోడేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, ఊరికే మాట్లాడటానికి వచ్చినవాళ్ళు. అమ్మ గుమ్మడిపాదుకు నీళ్ళు కడుతోంది. నేను, చెల్లె గట్టు మీద మట్టితో ఆడుతున్నాం.

గుమస్తా గొంతు సవరించుకుని అన్నాడు. "దొరవారు రేపోమాపో వస్తున్నరు. ఇన్ని దినాలు తెంపుకున్నరు, తిన్నరు, నేనేమన్నా అన్ననా? గిప్పటి సంది మళ్ల ఎప్పటి లెక్కనే. గా పండిన గుమ్మడికాయలు గంపలెయ్యుండ్రి." అని పాదు దగ్గరికి వంగి, పిందెల కోసం చూస్తూ డబ్బా మూత తీశాడు.

"సున్నం మిగిలితే మీ గోడలకు ఏసుకో పో" అంది నాయనమ్మ.

"ముసల్దానా, నోరు మస్తు లేస్తుంది నీకు."

"నోరు ఎప్పటి సందో ఉన్నది. తెరిస్తే దెబ్బలు పడ్తయని మూసుకున్న."

ఆడవాళ్ళు చేతుల్లో పని ఆపారు. గుమస్తా దాన్ని పట్టించుకోనట్టు, అన్నిటికంటే పెద్ద గుమ్మడికాయ మీద చెయ్యి వేశాడు. అప్పుడు మా చెల్లె లేచింది. మట్టి చేతులతోనే పరుగెత్తి అతని ధోవతి పట్టుకుని లాగింది. ముఖంలో కోపం లేదు, నిజంగా ఆదుర్దా.

"అయ్యా, అయ్యా! వద్దయ్యా, తినకు! ఇప్పటికే నీ రెండు చెవులల్లకెళ్ళి తీగ ఎల్లింది! ఇంకొక్కటి తిన్నవంటే కండ్లల్లకెళ్ళి ఎల్తది!"

బావి దగ్గర ఎవరో ముక్కుతో నవ్వారు. ఆ తర్వాత ఇంకొకరు. ఆ నవ్వు బావి చుట్టూ తిరిగొచ్చేసరికి నీళ్ళు తోడుతున్న ఒకామె చేతిలోంచి చేంతాడు జారి బొక్కెన బావిలో పడిపోయింది. గంప మోస్తున్న జీతగాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు గాని గంప అదురుతూనే ఉంది. గుమస్తా చెయ్యి తెలియకుండానే చెవి మీదికి పోయింది.

"ఏందీ కూత? ఎవలు నేర్పిండ్లు దీనికి?" అని అరిచాడు.

"నేను నేర్పిన" అంది మా అమ్మ.

మా అమ్మ అతని ముందు తలెత్తి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. ఇప్పుడు కొంగు నెత్తి మీద కూడా లేదు, నడుముకు చుట్టి ఉంది. చేతిలో పార, పాదాలకు బురద. గొంతు పెద్దది చెయ్యలేదు. "ఎందుకు నేర్పినో చెప్పాల్నా? నీకెర్కలేదా? నా పెద్దబిడ్డ కడుపుల ఉన్నప్పుడు నోరు చప్పబడి ఒక్క బీరకాయ తిన్న. మా పెంటకుప్ప మీద తొక్క చూసి పట్టుకున్నవ్. గడీ ముంగట నన్ను వంగబెట్టి వీపు మీద బండ పెట్టిచ్చినవ్. ఒక్క కాయకు. నా బిడ్డలకు గా గతి రావద్దని, కాయంటేనే భయపడేటట్టు చేసిన. గిప్పుడు నా చిన్నబిడ్డకు పొద్దుగూకితే కండ్లు కనవడుతలేవు. కూర తింటేనే వస్తయంట. తినుమంటే భయపడుతుంది. నేను చెప్తే నమ్మది. నువ్వు చెప్పు."

"నేనేం చెప్పాలె?"

"కాయ తింటే తీగ మొలవదని చెప్పు."

పెద్దబిడ్డ అంటే నేను. ఆ సంగతి నేను వినడం అదే మొదలు. ఆ వీపు నాకు తెలుసు, రోజూ ఆ వీపు మీద ఎక్కి ఆడుకున్నాను. నా చేతిలోని మట్టి అట్లాగే ఉండిపోయింది. గుమస్తా చుట్టూ చూశాడు. సంఘం మనిషి ఒక్కడూ లేడు, తుపాకీ లేదు, కర్ర కూడా లేదు. తడి బట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు మాత్రం గట్టు మీదికి ఎక్కి, దారికి అడ్డంగా నిలబడ్డారు.

"మొలవది" అని గొణిగాడు.

"బిడ్డకు వినవడలే. ఇంకింత గట్టిగ."

"మొలవది! తీగ కాదది, వెంట్రుకలు!"

"వంగు" అంది అమ్మ. "సక్కగ చూడనీ."

అతనెందుకు వంగాడో నాకిప్పటికీ సరిగ్గా తెలియదు. ఆ మాట అమ్మ అంత మామూలుగా అనడం వల్లనేమో. దొర రావడం రేపటి మాట, ఈ ఆడవాళ్ళు ఇప్పుడే ఎదురుగా ఉన్నారు కదా. మొత్తానికి వంగాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, సున్నం డబ్బా నేల మీద పెట్టి, గడీ గుమస్తా మా గుమ్మడిపాదు దగ్గర వంగాడు. చెల్లె ఒక కన్ను మూసి ఇటు చెవి చూసింది, చుట్టూ తిరిగి అటు చెవి చూసింది. అనుమానం తీరక రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. "అబ్బా!" అన్నాడు. చెల్లె మా అందరి వైపు తిరిగి, కాస్త నిరాశగా, "వెంట్రుకనే" అని ప్రకటించింది.

అతను గంప ఖాళీగానే తీసుకుపోయాడు. సున్నం డబ్బా మర్చిపోతే జీతగాడు వెనక్కి వచ్చి పట్టుకెళ్ళాడు, పోతూపోతూ చెల్లె బుగ్గ గిల్లి.

ఆ మధ్యాహ్నం అమ్మ గుమ్మడికాయ వండింది. వడ్డించి, ఈసారి ఎదురుగా కూర్చోలేదు, వేరే పనున్నట్టు అటు తిరిగి చేటలో జొన్నలు చెరుగుతోంది. నేను ఓరకంట చూస్తున్నాను. చెల్లె ఒక ముక్క తీసి వాసన చూసింది. నోట్లో పెట్టుకుంది. ఒక చెయ్యి మాత్రం చెవి మీదే ఉంది, ఎందుకైనా మంచిదని. నమిలింది. మింగింది. అప్పుడు అది ముఖం చిట్లించి, "గింతేనా? మంచిగలేదు" అని పళ్ళెం నెట్టేసింది.

అమ్మ చేట కింద పెట్టి నవ్వడం మొదలుపెట్టింది. ఆ పొద్దున నవ్వని నవ్వంతా అప్పుడు నవ్వింది. నాయనమ్మ, "తినకపోతే మానె. మంచిగలేదని తినకపోవుడు మన ఇంట్ల మాట. దానికి మందున్నది" అంది. ఆ మందు ఏమిటంటే ఓపిక, బెల్లం. గుమ్మడికాయలో బెల్లం పడింది. తోటకూర పప్పులో కలిసింది. మునగాకు జొన్నరొట్టె పిండిలో చేరింది. చెల్లెకు ఇంటి దొడ్లో సొంతంగా ఒక బీరపాదు పెట్టి ఇచ్చారు. దానికి నీళ్ళు అదే పోసేది, ఏ కాయ ఎప్పుడు తెంపాలో అదే చెప్పేది, దాని కాయ వండితే అడిగి మరీ వడ్డించుకుని తినేది. వద్దన్న రోజు ఎవరూ బలవంతం చేయలేదు, ఏ బూచివాడినీ పిలవలేదు. ఒక పూట వద్దంటే మరో పూటకు ఇంకోలా వండి మళ్ళీ ముందు పెట్టేవాళ్ళు. విసుక్కోవడం మాత్రం విసుక్కునేవాళ్ళు, మా అమ్మ దేవత కాదు. అట్లా పెట్టగా పెట్టగా తిన్నది. మిగతా తల్లులు కూడా పిల్లల్ని బావి దగ్గరికి తీసుకొచ్చి, గుమస్తా ఎట్లా వంగాడో, ఎట్లా ఒప్పుకున్నాడో చెల్లెతోనే చెప్పించి మరీ వాళ్ళకు కూర అలవాటు చేశారు. చెల్లె చెప్పే కథలో గుమస్తా రోజురోజుకూ ఇంకాస్త ఎక్కువ వంగేవాడు.

ఇంతటితో అంతా సుఖంగా ముగిసిందని చెప్తే అబద్ధం. ఆ తర్వాత మాకు చాలా చెడ్డ రోజులు వచ్చాయి. రజాకార్లు వచ్చి పందిరి కాల్చి పోయారు. తర్వాత యూనియన్ మిలిటరీ వచ్చింది, వాళ్ళ నీడన దొర కూడా తిరిగొచ్చాడు. బాపు కొంతకాలం జైల్లో ఉన్నాడు. సంఘం పంచిన భూమి అందుకున్నవాళ్ళలో ఎంతోమందికి అది మిగలలేదు. గడీ తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి, గుమస్తా మళ్ళీ ఊళ్ళో తిరిగాడు. కాని సున్నం డబ్బా పట్టుకుని మా పాదుల దగ్గరికి రాలేదు. ఎట్లా వస్తాడు? అతను వీధిలో కనపడితే చాలు, ఊళ్ళో ఏ మూలనో ఒక పిల్ల తన చెవి పట్టుకుని నవ్వేది. ఎంతమంది పిల్లల వీపుల మీద బండలు పెట్టిస్తాడు?

అదంతా తర్వాతి మాట. నేను చెప్పాలనుకున్నది ఆ ఎండాకాలం చివర ఒక సాయంత్రం గురించి. మొగులు పట్టి ఉంది, వాన ఇంకా పడలేదు. పొద్దు గూకింది, దీపాలు పెట్టలేదు. ఆ మసకలో మనుషులు మనుషుల్లా కాక ముద్దల్లా కనపడే వేళ. నేను వాకిట్లో కట్టెలు ఏరుతున్నాను. చెల్లె గడపలో కూర్చుని ఉంది, రోజూ ఆ వేళకు అట్లాగే కూర్చునేది, ఎవరైనా వచ్చి చేయి పట్టుకుంటారని. అమ్మ దొడ్లోంచి వస్తూ దాని కోసం చెయ్యి చాపింది. చెల్లె ఆ చెయ్యి పట్టుకోకుండా నా వైపు చూసి, ముఖం అదోలా పెట్టి, "అక్కా, నీ ముక్కు కారుతుంది, తుడుచుకో" అంది.

నేను తుడుచుకోలేదు. అమ్మ చాపిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. చెల్లె లేచి, ఎవరి సాయం లేకుండా గడప దాటి, మెట్టు దిగి, కట్టెలు తప్పించుకుంటూ బీరపాదు చూసొస్తానని దొడ్లోకి వెళ్ళింది. నాయనమ్మ లోపల్నుంచి "దీపం పెట్టాల్నా?" అని కేకేస్తే అమ్మ "ఇప్పుడే వద్దత్తా, జర ఆగు" అంది. అప్పటిదాకా మా చెల్లెకు పొద్దు గూకడమంటే ఆ రోజు అక్కడితో అయిపోవడం, ఆనాటి నుంచి దాని రోజు కూడా మా అందరి రోజంత పొడుగైంది. గడీ మా నుంచి తీసుకున్నవాటిలో చాలావరకు మళ్ళీ మా చేతికి రాలేదు. కాని రోజుకింత సాయంత్రం మాత్రం మేం గుంజుకున్నాం, దాన్ని ఎవరికీ తిరిగి ఇవ్వలేదు.